పెట్టె మీది వాట్లు, చెవికి చేరే ధ్వని: గృహ శ్రవణ పరికరాల పరీక్షా ప్రమాణాల సమీక్ష

ఇళ్లలో వాడే ఆంప్లిఫయర్లు, స్పీకర్లు, సౌండ్‌బార్లు, హెడ్‌ఫోన్ల వంటి శ్రవణ పరికరాలను కొనేవారిలో అధికులు వాటిని సరిగా వినకుండానే కొంటున్నారు. దుకాణంలో విన్నా అక్కడి గది, అక్కడి రద్దీ, అమ్మకందారు ఎంచి వినిపించే పాట ఇంటి పరిస్థితులతో సరిపోలవు కనుక చివరకు నిర్ణయానికి ఆధారమయ్యేవి పెట్టె మీద అచ్చువేసిన అంకెలే. ఆ అంకెలను ఏ పరిస్థితులలో, ఏ పద్ధతిలో, ఏ హద్దుల మధ్య కొలవాలో నిర్దేశించే నియమావళిని పరీక్షా ప్రమాణమనీ, అలా కొలిచి ప్రకటించిన అంకెలను స్పెసిఫికేషన్లనీ అంటారు. గత అర్ధశతాబ్దంలో ధ్వనిని కొలిచే విద్య ఎంతగా ఎదిగిందంటే, ఒక స్పీకరును ప్రతిధ్వని లేని గదిలో చుట్టూ కొలిచి, శ్రోతలకు అది ఏ మేరకు నచ్చుతుందో వినిపించక ముందే చాలావరకు చెప్పగలుగుతున్నారు. అదే కాలంలో పెట్టె మీది అంకె మాత్రం మెరుగుపడకపోగా కొన్ని తరగతుల పరికరాలలో మరింత దిగజారింది. కొలత పద్ధతులకు కొరత లేనప్పుడు ఈ అంతరం ఎందుకు ఏర్పడిందన్నదే ఈ రంగంలో అసలు ప్రశ్న.

వివాదం మొదలయ్యేది వాట్ల దగ్గరే. భారతదేశంలో 1990లలో టూ-ఇన్-వన్‌లు, వాటి వెనుక సీడీ, డీవీడీ ప్లేయర్లతో కూడిన హోమ్ థియేటర్లు ఇంటింటికీ చేరినప్పుడు వాటి ముందు భాగాన అతికించిన స్టిక్కర్ల మీద పీఎంపీఓ అనే పొడి అక్షరాల పక్కన వేలల్లో అంకెలు కనిపించేవి. సంగీతం మోగేటప్పుడు ఆంప్లిఫయర్ ఇవ్వగల గరిష్ఠ క్షణిక సామర్థ్యమని దానికి చెప్పే అర్థం. దీనిని ఎలా కొలవాలో చెప్పే సర్వామోదిత ప్రమాణం ఏదీ లేదు. ఎంతసేపు, ఎంత వక్రీకరణతో, ఎన్ని ఛానెళ్లను కలిపి లెక్కించాలన్నది తయారీదారు ఇష్టానికే వదిలివేయబడింది కనుక ఇద్దరు తయారీదారుల పీఎంపీఓ అంకెలను పోల్చి చూడడానికి ఆధారమే ఉండదు.

ఒక ఉదాహరణను దగ్గరగా పరిశీలిస్తే ఇందులోని అసంబద్ధత బయటపడుతుంది. ముందు స్టిక్కరు మీద 1500 వాట్లు అని ఉన్న పెట్టెను వెనక్కి తిప్పితే, విద్యుత్ వివరాలు తెలిపే చిన్న పలక మీద 230 వోల్టులు, 50 హెర్ట్జ్, 30 వాట్లు అని ఉందనుకుందాం. గోడ సాకెట్ నుంచి 30 వాట్లు మాత్రమే తీసుకునే యంత్రం నిలకడగా అంతకు మించి ఇవ్వడం శక్తి నిత్యత్వ సూత్రానికే విరుద్ధం. లోపల వేడిగా పోయేది పోగా స్పీకర్లకు చేరేది 20 వాట్లకు అటూ ఇటూగా ఉంటుంది. క్షణకాలపు శిఖరాల గురించే చెబుతున్నామన్న సమర్థన కూడా లెక్కకు నిలవదు. లోపలి విద్యుత్ సరఫరా 25 వోల్టులదనీ, శక్తిని నిల్వచేసే కెపాసిటర్ 4,700 మైక్రోఫారడ్లదనీ తీసుకుంటే దానిలో ఇమిడే శక్తి సుమారు 1.5 జౌళ్లు, దానిని చివరి బొట్టు దాకా పిండినా 1500 వాట్లు సెకనులో వెయ్యోవంతు కాలమే లభిస్తాయి. వోల్టేజి అంతకంటే ముందే అడ్డుపడుతుంది: 25 వోల్టులను 4 ఓముల స్పీకరు మీద ఏ విధంగా ప్రయోగించినా ఒక్కో ఛానెల్ క్షణిక సామర్థ్యం 156 వాట్లు దాటదు. కాబట్టి ఆ స్టిక్కరు మీది అంకె ఏ పరికరంతోనూ కొలవగలిగినది కాదు, కొనుగోలుదారు కంటికి కట్టిన గంత మాత్రమే.

పీఎంపీఓ స్టిక్కర్లు నేడు తగ్గినా వాటి స్వభావం కొత్త పరికరాలలోకి ప్రవేశించింది. చిన్న బ్లూటూత్ స్పీకరు ఒకదాని పెట్టె మీద 10 వాట్ల సామర్థ్యమనీ, 10 గంటల బ్యాటరీ అనీ పక్కపక్కనే ఉన్నప్పుడు, లోపలి బ్యాటరీ 3.7 వోల్టుల వద్ద 2000 మిల్లీ ఆంపియర్ గంటలదైతే దానిలోని మొత్తం శక్తి 7.4 వాట్ గంటలు. పది గంటలు మోగాలంటే బ్లూటూత్ చిప్పుతో సహా పరికరమంతా కలిసి సగటున 0.74 వాట్లతో సరిపెట్టుకోవాలి. నిజంగా 10 వాట్లు ఇచ్చినట్లయితే ముక్కాలు గంటలోపే బ్యాటరీ అడుగంటుతుంది. రెండు అంకెలూ విడివిడిగా అబద్ధాలు కాకపోవచ్చు గాని అవి రెండు వేర్వేరు పరిస్థితులకు చెందినవి. ఆ పరిస్థితులను చెప్పకుండా రెండింటినీ ఒకే వరుసలో అచ్చువేయడం వల్ల కొనేవారు రెండూ ఒకేసారి దొరుకుతాయని భావిస్తారు. సౌండ్‌బార్ల విషయంలో ఇదే పని మరో తీరులో జరుగుతుంది: అన్ని ఛానెళ్ల సామర్థ్యాన్నీ సబ్‌వూఫర్ సామర్థ్యంతో కూడి, వక్రీకరణ 10 శాతానికి చేరేదాకా పెంచి, ఆ మొత్తాన్ని, నిరంతర సామర్థ్యాన్ని సూచించే ఆర్‌ఎంఎస్ అనే గౌరవప్రదమైన పేరుతో ప్రకటించే ఆస్కారం ఉంది. ఆర్‌ఎంఎస్ అని రాసినంత మాత్రాన అంకెకు ప్రామాణికత రాదు. ఎంత వక్రీకరణ వద్ద, ఏ పౌనఃపున్యాల మధ్య, ఎన్ని ఓముల మీద, ఎన్ని ఛానెళ్లు ఏకకాలంలో పనిచేస్తుండగా అన్న నాలుగు షరతులూ జతపడితేనే అది స్పెసిఫికేషన్ అవుతుంది.

ఈ నాలుగు షరతులనూ చట్టబద్ధం చేసిన తొలి ముఖ్యమైన ప్రయత్నం అమెరికాలో జరిగింది. అక్కడ 1960లలో స్టీరియో వ్యాపారం పుంజుకున్నప్పుడు సంగీత సామర్థ్యం, శిఖర సామర్థ్యం వంటి పేర్లతో ఒకే ఆంప్లిఫయర్‌కు అనేక అంకెలు వెలువడి, నిజాయితీగా కొలిచి ప్రకటించిన సంస్థ అమ్మకాలలో వెనకబడే పరిస్థితి తలెత్తింది. వాణిజ్య వ్యవహారాలను పర్యవేక్షించే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లో అమలులోకి తెచ్చిన ఆంప్లిఫయర్ నియమం, ఏ ప్రకటనలో సామర్థ్యాన్ని పేర్కొన్నా అది ఒక్కో ఛానెల్‌కు నిరంతరంగా ఇవ్వగలిగిన సగటు సామర్థ్యమై ఉండాలనీ, దానితో పాటు ఇంపెడెన్సును, అంటే స్పీకరు చూపే విద్యుత్ అవరోధాన్నీ, పౌనఃపున్యాల పరిధినీ, గరిష్ఠ వక్రీకరణనూ చెప్పాలనీ శాసించింది. కొలతకు ముందు ఆంప్లిఫయర్‌ను ప్రకటిత సామర్థ్యంలో మూడోవంతు వద్ద ఒక గంటసేపు నడిపి వేడెక్కించాలన్నది అందులో తయారీదారులను ఎక్కువగా ఇబ్బంది పెట్టిన నిబంధన. ఆ కాలపు ఆంప్లిఫయర్లలోని ట్రాన్సిస్టర్లు అత్యధికంగా వేడెక్కేది పూర్తి సామర్థ్యం వద్ద కాదు, దానిలో సుమారు 40 శాతం వద్ద. మూడోవంతు ఆ గరిష్ఠానికి చాలా దగ్గర కనుక చిన్న హీట్ సింకుతో సరిపెట్టిన యంత్రం ఆ గంటలోనే చేతులెత్తేసేది. సాధారణ సంగీతం ఇంత కఠినంగా ఉండదన్న వాదనను అంగీకరించి కమిషన్ 2000 ప్రాంతంలో ఆ మూడోవంతును ఎనిమిదోవంతుకు తగ్గించింది. ఆ సడలింపు సమంజసమైనదే. గట్టిగా మోగే సంగీతపు సగటు సామర్థ్యం దాదాపు ఆ స్థాయిలోనే ఉంటుంది, విద్యుత్ భద్రతా పరీక్షలు కూడా అదే ఎనిమిదోవంతును పాటిస్తాయి.

అసలు బలహీనత వేరే చోట ఉంది. 1974 నియమం షరతులను వెల్లడించమన్నదే గాని ఆ షరతులు ఇవే ఉండాలని నిర్ణయించలేదు. స్టీరియో కాలంలో మార్కెట్టు సంప్రదాయమే 8 ఓములను, 20 నుంచి 20,000 హెర్ట్జ్‌లను నిలబెట్టింది గాని, అయిదు, ఏడు ఛానెళ్ల హోమ్ థియేటర్ రిసీవర్లు వచ్చాక ఆ సంప్రదాయం సడలి, ఒక్క ఛానెల్‌ను మాత్రమే 6 ఓముల మీద, 1000 హెర్ట్జ్ అనే ఒకే స్వరంతో, 10 శాతం వక్రీకరణ దాకా నడిపి పొందిన అంకెను పెద్ద అక్షరాలలోనూ, షరతులను కంటికి ఆనని అక్షరాలలోనూ వేయడం మామూలైంది. దీనిని సరిదిద్దుతూ కమిషన్ 2024లో నియమాన్ని సవరించి, 8 ఓముల మీద, 20 నుంచి 20,000 హెర్ట్జ్‌ల మధ్య, వక్రీకరణ ఒక శాతానికి మించకుండా కొలవాలని షరతులనే స్థిరపరిచింది. యాభై ఏళ్ల ఈ అనుభవం నుంచి గ్రహించవలసినది ఏమిటంటే, వెల్లడి మాత్రమే కోరే నియమాన్ని చిన్న అక్షరాలు ఓడిస్తాయి, పోటీపడే వస్తువులన్నిటినీ ఒకే షరతు మీద నిలబెట్టే నియమం మాత్రమే పోలికకు పనికివస్తుంది.

ఐరోపాలో 1966లో పశ్చిమ జర్మనీ వెలువరించిన డిన్ 45500 మరో మార్గం తొక్కింది. ఒక పరికరాన్ని హై-ఫై అని పిలవాలంటే అది దాటవలసిన కనీస స్థాయిలను అది నిర్ణయించింది. కొన్నేళ్లలోనే మామూలు పరికరాలు సైతం ఆ స్థాయిలను అవలీలగా దాటిపోవడంతో ఆ ముద్రకు విలువ తగ్గింది. కనీస స్థాయిని నిర్ణయించే ప్రమాణం క్రమం తప్పకుండా సవరించబడకపోతే దానికి పట్టే గతి ఇదే.

నిరంతర సామర్థ్యపు కొలత ఎంత కఠినమైనదైనా అది సంగీతపు స్వభావాన్ని పూర్తిగా పట్టుకోదన్నది కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మృదంగం మీద దెబ్బ పడిన క్షణంలో శిఖరం సగటు కంటే ఎన్నో రెట్లు ఎత్తుకు వెళ్లి వెంటనే తగ్గిపోతుంది. శిఖరానికీ సగటుకూ మధ్య నిష్పత్తి అధికంగా ఉన్న ఇటువంటి ధ్వనికి, కొద్దిసేపు ఎక్కువ సామర్థ్యాన్ని అందించగల ఆంప్లిఫయర్ నిజంగానే మేలైనది. 1978 నాటి ఐహెచ్‌ఎఫ్-ఏ-202 అనే అమెరికన్ ప్రమాణం దీనిని గుర్తించి, ప్రతి అర సెకనుకు ఒకసారి 20 మిల్లీసెకన్లపాటు 1000 హెర్ట్జ్ స్వరాన్ని పంపి, వక్రీకరణ లేకుండా ఎంతవరకు ఇవ్వగలదో కొలిచి, నిరంతర సామర్థ్యం కంటే అది ఎన్ని డెసిబెల్లు ఎక్కువో ప్రకటించే పద్ధతిని ఏర్పరిచింది. క్షణిక సామర్థ్యమనే భావన స్వతహాగా మోసపూరితం కాదు. కాలవ్యవధీ వక్రీకరణా చెప్పకుండా దానిని వాడినప్పుడే అది పీఎంపీఓగా దిగజారుతుంది. కార్ల ఆంప్లిఫయర్ల కోసం 2003లో వచ్చిన సీఈఏ-2006 సైతం 14.4 వోల్టులు, 4 ఓములు, ఒక శాతం వక్రీకరణ అని షరతులను స్థిరపరచి, అంతకుముందు ఆ మార్కెట్టులో ఉన్న గందరగోళాన్ని కొంత తగ్గించింది. అయితే అది స్వచ్ఛందం కావడంతో పాటించేవారు పాటించారు, మిగిలినవారు మానేశారు.

వాట్ల తర్వాత అతిగా ప్రచారమైన అంకె వక్రీకరణ శాతం. ఆంప్లిఫయర్‌లోకి పంపిన శుద్ధ స్వరానికి రెండు రెట్లు, మూడు రెట్లు, ఇంకా ఎక్కువ రెట్ల పౌనఃపున్యాలలో కొత్తగా పుట్టుకొచ్చే అనుస్వరాల మొత్తాన్ని టీహెచ్‌డీ అంటారు. 1970లలో ఈ అంకెను 0.1 నుంచి 0.01కీ, అక్కడి నుంచి ఇంకా దిగువకూ నెట్టే పోటీ సాగింది గాని, ఆ తగ్గింపు అంతా చెవికి వినిపించలేదు. మొదటి రెండు మూడు అనుస్వరాలు మూల స్వరం చాటున దాగిపోతాయి, పై అనుస్వరాలు మాత్రం చిన్న మోతాదులోనే గరుకుగా తాకుతాయి. టీహెచ్‌డీ ఈ రెండు రకాలనూ ఒకే తూకం వేసి కూడుతుంది. బీబీసీ ఇంజినీరు షార్టర్ 1950లోనే పై అనుస్వరాలకు వాటి క్రమసంఖ్య వర్గాన్ని బట్టి ఎక్కువ బరువు ఇవ్వాలని సూచించగా, ఫిన్లాండ్‌కు చెందిన మట్టి ఓటాలా 1970లో, నిలకడ స్వరంతో చేసే పరీక్షకు అందని వక్రీకరణ ధ్వని హఠాత్తుగా మారినప్పుడు పుట్టవచ్చని చూపాడు. ఇంత ముందుగా హెచ్చరికలు వెలువడినా పెట్టెల మీద నేటికీ అదే ఒంటరి శాతం కొనసాగడం విచారకరం. సిగ్నల్-నాయిస్ నిష్పత్తిది కూడా ఇటువంటి కథే: పూర్తి సామర్థ్యంతో పోల్చి, చెవి తక్కువగా పట్టించుకునే పౌనఃపున్యాలను ఏ-వెయిటింగ్ అనే వడపోతతో తగ్గించి చెప్పే అంకె ఘనంగా కనిపిస్తుంది, రాత్రివేళ తక్కువ ధ్వనిలో వినేవారికి కావలసినది ఒక వాట్ దగ్గర వినిపించే బుసబుస ఎంత అన్న కొలత.

అన్నిటికంటే చిక్కైనదీ, అన్నిటికంటే ఎక్కువ పురోగతి సాధించినదీ స్పీకర్ల కొలత. గదిలో వినిపించే మంచి చెడులలో అధికభాగం స్పీకరుదే, ఆంప్లిఫయర్ పాత్ర దాని ముందు స్వల్పం. అయినా స్పీకరు పెట్టె మీద కనిపించేవి సాధారణంగా మూడే అంకెలు, వాటిలో రెండు షరతులు లేనివి. మొదటిది పౌనఃపున్యాల పరిధి. 20 నుంచి 20,000 హెర్ట్జ్ అని రాసినప్పుడు ఆ రెండు కొనల వద్ద ధ్వని మధ్యభాగం కంటే ఎన్ని డెసిబెల్లు పడిపోయిందో చెప్పకపోతే ఆ పరిధికి అర్థం లేదు. ప్లస్ లేదా మైనస్ 3 డెసిబెల్ల లోపల కొలిస్తే అదే స్పీకరు 60 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోవచ్చు. అంతే బిగ్గరతనంతో ఒక స్థాయి, అంటే సగం పౌనఃపున్యానికి, దిగాలంటే స్పీకరులో కదిలే శంకువు నాలుగు రెట్ల గాలిని కదిలించాలి కనుక అరచేతిలో ఇమిడే డబ్బా 20 హెర్ట్జ్‌లను వినదగిన స్థాయిలో ఇస్తుందన్న ప్రకటనను భౌతికశాస్త్రమే తోసిపుచ్చుతుంది. రెండోది స్పీకరు తట్టుకోగల వాట్లు. అది మన్నికకు సంబంధించిన అంకె, బిగ్గరతనానికి సంబంధించినది కాదు. మూడోదైన సున్నితత్వం నిజంగా ఉపయోగకరం: 2.83 వోల్టులు ఇచ్చినప్పుడు మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్లు వస్తాయో అది చెబుతుంది. 84 డెసిబెల్ల స్పీకరు 100 వాట్లతో చేసే పనిని 90 డెసిబెల్ల స్పీకరు 25 వాట్లతో చేస్తుంది. అయితే 2.83 వోల్టులు 8 ఓముల మీద ఒక వాట్, 4 ఓముల మీద రెండు వాట్లు అవుతాయి కనుక ఇంపెడెన్సు చెప్పని సున్నితత్వంలో మూడు డెసిబెల్ల తేడా దాగి ఉండవచ్చు.

ఈ అంకెల అవతలికి వెళ్లిన కృషి కెనడాలోని ఒట్టావాలో, నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ ప్రయోగశాలలో జరిగింది. అక్కడ ఫ్లాయిడ్ టూల్ స్పీకర్లను తెర వెనుక ఉంచి, శ్రోతలకు పేరు, ధర, రూపం తెలియకుండా వినిపించి, వారి తీర్పులను ప్రతిధ్వని లేని గదిలోని కొలతలతో పోల్చి 1985, 1986 సంవత్సరాలలో ప్రకటించిన పత్రాలు, మంచి ధ్వని అన్నది వ్యక్తిగత అభిరుచి మాత్రమేనన్న నమ్మకాన్ని కదిలించాయి. ఎదురుగా కొలిచిన ధ్వని అన్ని పౌనఃపున్యాలలో సమంగా ఉండి, పక్కలకు వెళ్లే ధ్వని ఎగుడుదిగుళ్లు లేకుండా నెమ్మదిగా తగ్గే స్పీకర్లనే భిన్న నేపథ్యాల శ్రోతలు మెచ్చుకున్నారు. గదిలో కూర్చున్నవారి చెవికి గోడలు, పైకప్పు తిప్పిపంపిన ధ్వని కూడా చేరుతుంది, అది బయలుదేరింది స్పీకరు పక్కల నుంచే. ఎదురుగా ఒక్కచోటే కొలిచిన గీత సగమే చెప్పడానికి కారణం ఇది. టూల్ సహచరుడు షాన్ ఆలివ్ 2004లో ఇటువంటి కొలతల నుంచి శ్రోతల మెచ్చుకోలును ముందుగా లెక్కగట్టే సూత్రాన్ని రూపొందించి, 70 స్పీకర్ల మీద 0.86 సహసంబంధాన్ని చూపాడు. తెర తీసేసి, స్పీకర్లు కనిపిస్తుండగా అదే పరీక్ష చేస్తే శ్రోతల తీర్పులను ధ్వని కంటే రూపమూ పేరూ ఎక్కువగా మలచినట్లు వీరిద్దరూ 1994లో వెల్లడించిన ఫలితం చెబుతోంది. పెట్టె మీద నమ్మదగిన కొలత ఎందుకు ఉండాలో చెప్పడానికి ఇంతకు మించిన ఆధారం అక్కర్లేదు.

ఈ పరిశోధనే 2013లో సీఈఏ-2034 అనే ప్రమాణమైంది. దానిని వెలువరించిన సంస్థ పేరు మారాక దానిని సీటీఏ-2034 అంటున్నారు. స్పీకరును అడ్డంగానూ నిలువుగానూ పది డిగ్రీల ఎడంలో తిప్పుతూ 70 చోట్ల కొలిచి, వినేచోటికి నేరుగా చేరే ధ్వని, గోడల నుంచి తొలిగా తిరిగివచ్చే ధ్వని, అన్ని దిక్కులకూ వెళ్లే మొత్తం ధ్వని అనే గీతలను ఒకే పటంలో చూపమంటుంది. సబ్‌వూఫర్ల కోసం అంతకు ముందే వచ్చిన సీఈఏ-2010 ఇంకా సూటిగా ఉంటుంది: 20 నుంచి 63 హెర్ట్జ్‌ల వరకు ఒక్కో పౌనఃపున్యంలో ఆరున్నర ఆవృత్తుల చిన్న దెబ్బలు పంపి, అనుస్వరాలు నిర్ణీత హద్దు దాటేలోపు ఎన్ని డెసిబెల్లు గాలిలోకి వచ్చాయో నమోదుచేయడం. లోపలికి పోయిన వాట్లను వదిలి బయటికి వచ్చిన ధ్వనిని కొలవడమే ఇక్కడి మౌలికమైన మార్పు. ఆంప్లిఫయరు, స్పీకరు, సిగ్నలును సరిదిద్దే చిప్పు ఒకే డబ్బాలో కలిసిపోయిన నేటి పరికరాలలో వాట్లకు విడిగా అర్థం మిగలలేదు. అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ (ఐఈసీ) 60268 శ్రేణిలో 2018లో చేర్చిన 21వ భాగం కూడా ధ్వనినే ప్రాతిపదికగా తీసుకుంది. ఎక్కువసేపు బిగ్గరగా మోగినప్పుడు స్పీకరులోని కాయిలు వేడెక్కడం వల్ల కలిగే నష్టం మరొక సమస్య: రాగి నిరోధం ప్రతి డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది కనుక 200 డిగ్రీలు వేడెక్కిన కాయిలులో అది దాదాపు 80 శాతం పెరిగి, వాల్యూమ్ పెంచినా ధ్వని ఆ మేరకు పెరగదు. సంగీతాన్ని పోలిన ప్రత్యేక శబ్దంతో ఈ పరిమితిని పట్టుకునే పద్ధతిని 2022 నాటి ఏఈఎస్75 ప్రమాణం వేదికల స్పీకర్లకు నిర్దేశించింది. దాని సరళ రూపం ఇంటి స్పీకర్లకూ రావలసి ఉంది.

హెడ్‌ఫోన్లకు వస్తే కొలత చెవి ఆకారం మీద ఆధారపడుతుంది. చెవి కాలువను అనుకరించే లోహపు గదిని ఐఈసీ 1981లో 711 సంఖ్యతో ప్రమాణీకరించింది, నేడు దాని సంఖ్య 60318-4. అది నిజమైన చెవిని నమ్మకంగా అనుకరించేది 10,000 హెర్ట్జ్ వరకే. అటువంటప్పుడు ఇయర్‌ఫోన్ల మీద కనిపించే 40,000 హెర్ట్జ్ అంకె కొనేవారికి ఏమీ చెప్పదు. జపాన్ ఆడియో సొసైటీ 2014లో ప్రవేశపెట్టిన హై-రెస్ ముద్ర స్పీకర్లు, హెడ్‌ఫోన్ల నుంచి 40,000 హెర్ట్జ్ సామర్థ్యాన్ని కోరుతుంది. మనుషుల వినికిడి 20,000 దగ్గరే ముగుస్తుండగా, వినిపించే భాగం ఎంత సమంగా ఉందన్నది అడగకుండా వినిపించని భాగానికి పట్టం కట్టడం ప్రాధాన్యాల తారుమారు.

హెడ్‌ఫోన్ల విషయంలో ప్రమాణాలకు ఆరోగ్య కోణం కూడా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం కలిసి 2019లో విడుదల చేసిన సురక్షిత శ్రవణ ప్రమాణం పెద్దలకు వారానికి 40 గంటలపాటు 80 డెసిబెల్లు, పిల్లలకు అంతే కాలానికి 75 డెసిబెల్లు హద్దుగా పెట్టి, వినియోగదారు ఆ కోటాలో ఎంత వాడుకున్నాడో పరికరమే చూపాలని కోరింది. మూడు డెసిబెల్లు పెరిగిన ప్రతిసారీ అనుమతించే కాలం సగమవుతుంది కనుక 95 డెసిబెల్ల వద్ద వారమంతటికీ మిగిలేది గంటంబావు మాత్రమే. బస్సులోనో మెట్రోలోనో చుట్టూ ఉన్న రొదను మించి వినడానికి వాల్యూమ్ పెంచేవారు ఆ స్థాయిని తేలికగా చేరుకుంటారు. తమ హెడ్‌ఫోన్ ఎన్ని డెసిబెల్లు ఇస్తున్నదో డబ్బా మీది అంకెల నుంచి తెలిసే మార్గం వారికి లేకపోవడం స్పెసిఫికేషన్ల లోపాలన్నిటిలోనూ అత్యంత హానికరమైనది, ఎందుకంటే ఇందువల్ల పోయే వినికిడి తిరిగి రాదు.

భారతదేశంలో నియంత్రణ భద్రత వద్ద ఆగింది. కేంద్రం 2012లో ఉత్తర్వు ద్వారా ప్రవేశపెట్టిన నిర్బంధ నమోదు విధానం ప్రకారం నిర్దేశిత ఎలక్ట్రానిక్ వస్తువులు భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తించిన ప్రయోగశాలలో పరీక్ష నెగ్గి నమోదు సంఖ్య పొందాలి. బ్లూటూత్ స్పీకర్లు, వైర్‌లెస్ హెడ్‌ఫోన్లు తర్వాతి విడతలలో ఆ జాబితాకెక్కాయి. ఈ పరీక్ష చూసేది విద్యుదాఘాతం, నిప్పు, వేడి వంటి ప్రమాదాలనే. డబ్బా మీద బీఐఎస్ నమోదు గుర్తు చూసి ధ్వని నాణ్యతకు కూడా ప్రభుత్వ హామీ ఉందనుకునేవారు పొరపడుతున్నారు. ధ్వని పరికరాల కొలతకు ఐఎస్ 9302 శ్రేణి దశాబ్దాలుగా ఉన్నా దానిని అనుసరించి అంకెలు ప్రకటించవలసిన నిర్బంధం లేదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019, దాని కింద 2020లో ఏర్పడిన కేంద్ర ప్రాధికార సంస్థ, 2022 నాటి తప్పుదారి పట్టించే ప్రకటనల మార్గదర్శకాలు ఫిర్యాదుకు తలుపు తెరిచాయి గాని, ఎలా కొలిచిన వాట్ నిజమైన వాట్ అన్నది చట్టపరంగా స్థిరపడనంతవరకు ఫిర్యాదుదారు ఏ గీటురాయి మీద అబద్ధాన్ని నిరూపించగలడు?

మార్గం దేశానికి కొత్తది కాదు. ఇంధన సామర్థ్య బ్యూరో 2006లో ప్రారంభించిన నక్షత్రాల చీటీ ఫ్రిజ్‌లు, ఏసీల కొనుగోలును ఏ విధంగా మార్చిందో అందరికీ తెలుసు. నిర్ణీత పద్ధతిలో కొలత, సామాన్యునికి అర్థమయ్యే ప్రకటన, మార్కెట్టు నుంచి నమూనాలు తెచ్చి చేసే తనిఖీ అనే మూడు కాళ్ల మీద అది నిలిచింది. శ్రవణ పరికరాలకు నక్షత్రాలు తగవు, ఎందుకంటే నాణ్యతను ఒకే అంకెలోకి కుదిస్తే తయారీదారు ఆ అంకె కోసమే యంత్రాన్ని తీర్చిదిద్దుతాడు. దానికి బదులు మీటరు దూరంలో వక్రీకరణ హద్దు దాటకుండా ఇవ్వగల గరిష్ఠ డెసిబెల్లు, ధ్వని 6 డెసిబెల్లు పడిపోయే దిగువ పౌనఃపున్యం, నిర్ణీత బిగ్గరతనం వద్ద బ్యాటరీ మోగే గంటలు, హెడ్‌ఫోన్లకైతే పూర్తి వాల్యూమ్ వద్ద వారానికి సురక్షితమైన గంటలు డబ్బా మీద తప్పనిసరి కావాలి. పూర్తి గీతలను క్యూఆర్ కోడ్ ద్వారా అందుబాటులో ఉంచవచ్చు. విడి ఆంప్లిఫయర్లకు మాత్రం 8 ఓముల మీద, 4 ఓముల మీద, ఒక శాతం వక్రీకరణ వద్ద, అన్ని ఛానెళ్లూ పనిచేస్తుండగా వచ్చే నిరంతర వాట్లు చాలు. ఈ షరతులు లేని వాట్ల అంకెను, పీఎంపీఓతో సహా, డబ్బా మీద గానీ ఆన్‌లైన్ అమ్మకపు పుటలో గానీ వేయడాన్ని నిషేధించాలి.

చిన్న తయారీదారుల మీద భారం పడుతుందన్న అభ్యంతరం తేలికగా తీసివేయదగినది కాదు. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీ వంటి బజార్లలో విడిభాగాలు కొని ఆంప్లిఫయర్లు, వూఫర్ డబ్బాలు కట్టి అమ్మే పనివారు ఊరూరా ఉన్నారు, వారి పనితనం పెద్ద సంస్థల సరుకుకు తీసిపోని సందర్భాలు తక్కువేమీ కాదు. షరతులు లేని అంకెల పోటీలో నిజం చెప్పి నష్టపోతున్నవారూ వారిలోనే ఉన్నారు. 70 చోట్ల కొలిచే పూర్తి పరీక్షకు ప్రతిధ్వని లేని గదో, ఖరీదైన రోబో స్కానరో కావాలి గనుక దానిని ఏడాదికి నిర్ణీత సంఖ్య మించి అమ్మే సంస్థలకే పరిమితం చేసి, కేంద్ర ప్రభుత్వ పరీక్షా సంస్థ అయిన ఎస్‌టీక్యూసీకి హైదరాబాద్‌తో సహా వివిధ నగరాలలో ఉన్న ప్రయోగశాలలలో తగిన చోట్ల ఆ సదుపాయాన్ని నెలకొల్పవచ్చు. ఆంప్లిఫయర్ నిరంతర సామర్థ్యాన్ని కొలవడానికి 8 ఓముల భారీ రెసిస్టరు, స్వర జనకం, వక్రీకరణ మాపకం చాలు. సబ్‌వూఫర్ పరీక్షకు గది కూడా అక్కర్లేదు: సీఈఏ-2010 కొలతను గోడలకు, చెట్లకు దూరంగా ఉన్న బయలు నేల మీద, మైక్రోఫోన్‌ను నేలకు ఆనించి చేస్తారు. ఆ మైక్రోఫోన్ క్రమాంకనం న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల ప్రమాణంతో ముడిపడి ఉంటే, పల్లెలోని ఖాళీ మైదానంలో తీసిన అంకె కూడా ఏ పెద్ద సంస్థ ప్రయోగశాల అంకెతోనైనా సరిసమానంగా పోల్చదగినదవుతుంది.